అడవి కాటేజీ వరండాలోంచి జంతువులను చూడటం ఎలా: నల్లమలలో రెండు రాత్రుల పద్ధతి

మన్ననూరులో గానీ, బైర్లూటిలో గానీ, పచ్చర్లలో గానీ అడవి కాటేజీ బుక్ చేసుకున్నవాళ్లు చాలామంది ఒకేలా చేస్తారు. మధ్యాహ్నానికి చేరుకుంటారు, భోంచేస్తారు, సఫారీ జీపెక్కి రెండు గంటలు తిరుగుతారు. పులి కనిపించలేదని దిగులుగా వెనక్కి వచ్చి, తలుపేసుకుని ఫోన్ చూసుకుంటూ పడుకుంటారు. సరిగ్గా ఆ టైమ్‌లోనే కాటేజీ వెనక నీళ్ల తొట్టి దగ్గరికి ఏదో ఒకటి వచ్చి నీళ్లు తాగి వెళ్తుంది.

నల్లమల చిన్న అడవి కాదు. ఆంధ్ర వైపు నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్ దాదాపు 3,700 చదరపు కిలోమీటర్లు, తెలంగాణ వైపు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,600 పైచిలుకు. అంత అడవిలో జీపు వెళ్లే దారి ఒక సన్నని గీత. ఆ గీత మీదికి, మీరున్న ఆ రెండు గంటల్లోనే పులి రావాలనుకోవడం ఆశే. కాటేజీ సంగతి వేరు. అక్కడ నీళ్లుంటాయి, చెట్లు నరకకుండా ఉంటాయి, రాత్రంతా మనుషులు మసలుతుంటారు కాబట్టి దుప్పులకు కాస్త ధైర్యం. నేను ఇన్నేళ్లుగా నల్లమలకు వెళ్తూ జీపులోంచి చూసినదానికంటే వరండా మెట్ల మీద కూర్చుని చూసిందే ఎక్కువ. అందుకే కింద రాసిందంతా ఆ మెట్ల మీద ఎలా కూర్చోవాలన్న దాని గురించే.

ముందు నెల చూసుకోండి

ఏ నెలలో వెళ్తున్నారన్నదాన్ని బట్టే ఏం కనిపిస్తుందన్నది సగం తేలిపోతుంది. జూలై నుంచి సెప్టెంబర్ దాకా వానాకాలంలో సఫారీలు ఆపేస్తారు, ఆ మూడు నెలలు వదిలేయండి. నవంబర్, డిసెంబర్, జనవరి చల్లగా హాయిగా ఉంటాయి. పిట్టల కోసం వెళ్లేవాళ్లకు ఇవి మంచి నెలలు, వలస పిట్టలు కూడా దిగి ఉంటాయి. కానీ గడ్డి నడుమెత్తు ఉంటుంది. పదడుగుల దూరంలో దుప్పి పడుకున్నా తెలియదు.

ఫిబ్రవరి చివరికి టేకు ఆకు రాలిపోతుంది. మార్చి, ఏప్రిల్‌లో అడవి చెట్ల మధ్య నుంచి చాలా దూరం కనిపిస్తుంది. వాగులు ఎండి నీళ్లు కొన్నిచోట్లే మిగులుతాయి, జంతువులు వాటి చుట్టూనే తిరుగుతాయి. ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, నిజమే. అయినా నా ఓటు ఏప్రిల్‌కే. ఎందుకంటే అది ఇప్పపువ్వు కాలం. ఇప్పపువ్వు రాత్రంతా టప్ టప్‌మని రాలుతూనే ఉంటుంది. తెల్లారేసరికి చెట్టు కింద లేత పసుపు రంగు పరుపు పరిచినట్టుంటుంది. ఆ తీపి వాసనకు దుప్పి వస్తుంది, కణితి అనే పెద్ద జింక వస్తుంది, ఎలుగుబంటి వస్తుంది. ఇప్పపువ్వు అయిపోయేసరికి తునికి పండ్లు, ఆ తర్వాత నేరేడు. ఎలుగుబంటి ఎక్కడ తిరుగుతుందో తెలియాలంటే ఏ చెట్టు కింద ఏం రాలుతోందో చూసుకుంటే చాలు.

జూన్‌లో తొలకరి పడ్డాక వెళ్తే జంతువులు చెదిరిపోయి ఉంటాయి. కానీ తడిసిన ఎర్రమట్టి మీద మఖమల్ ముక్కల్లా ఆరుద్ర పురుగులు పాకుతుంటాయి, రాత్రి మిణుగురులు. పిల్లలతో వెళ్లేవాళ్లకు దాన్ని మించిన నెల లేదనే నేనంటాను.

సర్దుకునేటప్పుడు

బైనాక్యులర్ ఒకటి తప్పనిసరి. దాని మీద 8×42 అని రాసి ఉంటే బాగుంటుంది, మసక వెలుతురులో కూడా పనికొస్తుంది. టార్చి, దాని అద్దానికి చుట్టడానికి ఎర్రటి సెల్లోఫేన్ కాగితం, ఒక రబ్బర్ బ్యాండ్. దోమతెర. ఇది దోమల కోసమే కాదు, ఎందుకో తర్వాత చెప్తాను. చిన్న నోటు పుస్తకం, పెన్సిల్. బట్టలు మట్టి రంగువో ఆకుపచ్చవో తీసుకోండి, తెలుపు వద్దు. సెంటు ఇంట్లోనే ఉంచేయండి. తినేవన్నీ గట్టిగా మూతపడే డబ్బాల్లో పెట్టుకోండి.

పిట్టల గొంతు విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ ఫోన్‌లో వేసుకుని, మన దేశపు పిట్టల ప్యాక్‌ను ఇంట్లో ఉండగానే డౌన్‌లోడ్ చేసుకోండి. అడవిలో సిగ్నల్‌ను నమ్ముకోలేం. ఒక్క మాట: పిట్టను రప్పించడానికి దాని అరుపును ఫోన్‌లో ప్లే చేయకండి. తన హద్దులోకి ఇంకో మగ పిట్ట వచ్చిందనుకుని అది గూడు వదిలి వెతుక్కుంటూ తిరుగుతుంది. మనకు ఒక ఫోటో, దానికి ఒక పూట టెన్షన్.

మూడు గంటలకల్లా చేరుకోండి

హైదరాబాద్ నుంచి మన్ననూరు దాదాపు 140 కిలోమీటర్లు. శ్రీశైలం వెళ్లే ఘాట్ రోడ్డును అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, దోర్నాల వైపు నుంచి వచ్చేవాళ్లకు కూడా అంతే. అది అడ్డంకి అనుకోకండి. ఆ తొమ్మిది గంటలు రోడ్డు జంతువులది, మీరు వరండాలో కూర్చున్నప్పుడు లారీ హారన్ వినపడకపోవడానికి కారణం కూడా అదే.

చేరగానే గదిలో సామాను పెట్టి, అక్కడ పనిచేసే మనిషిని వెంటబెట్టుకుని కాటేజీ చుట్టూ ఒకసారి నడవండి. ఈ క్యాంపుల్లో పనిచేసేవాళ్లలో చాలామంది చెంచులే. పులుల జాడ కనిపెట్టే పనికి అటవీ శాఖ పెట్టుకున్నది కూడా వీళ్లలోనివాళ్లనే. "అన్నా, పులి ఉందా?" అని అడగకండి. ఉందనో లేదనో ఒక్క మాటలో అయిపోతుంది. "అన్నా, ఈ వారం ఇక్కడ ఏమేం తిరుగుతున్నాయి?" అని అడగండి. అప్పుడు మాట సాగుతుంది. నీళ్లెక్కడ, ఏ చెట్టు పూతకొచ్చింది, ఏది కాయ రాలుస్తోంది, వంటగది చెత్త ఎక్కడ వేస్తారు, ఈ నాలుగూ కూడా అడిగి తెలుసుకోండి. రాత్రి ఎటువైపు చూస్తూ కూర్చోవాలో ఆ జవాబుల్లోనే ఉంటుంది.

అట్లా నడుస్తున్నప్పుడు తల పైకెత్తి చెట్ల కొమ్మల మొదళ్లు చూడండి. కాకిగూడుకు రెండింతలున్న ఆకుల ముద్దలాంటిది ఎత్తులో కనిపిస్తే అది బెట్టుడుత అనే పెద్ద ఉడుత గూడు. దాని ఎదురుగా కుర్చీ ఎటు వేసుకోవాలో గుర్తుపెట్టుకోండి, పొద్దున పనికొస్తుంది. దిమ్మలా నిలిచిన చెదపుట్టకు పక్కన లోతుగా తవ్విన గుంట, చుట్టూ చెదిరిన మట్టి ఉంటే ఎలుగుబంటి పని. మట్టి ఇంకా తడిగా ఉందా, ఎండిపోయిందా అని వేలితో తాకి చూడండి. తడిగా ఉంటే నిన్న రాత్రిదే.

సాయంత్రం కూర్చోవడం

ఐదున్నరకు కూర్చోండి, ఏడున్నర దాకా లేవకండి. వరండా లైటు ఆర్పేయమని చెప్పండి. కుర్చీని గోడకు ఆనించి వేసుకోండి. వెనక వెలుతురుంటే మీ ఆకారం నల్లగా కనబడుతుంది, చెయ్యి కదిపితే చాలు వంద గజాల దూరంలో దుప్పి చెవులు నిక్కబొడుస్తుంది. గాలి మీ వైపు నుంచి నీళ్ల వైపు వీస్తుంటే చోటు మార్చుకోండి.

మొదటి ఇరవై నిమిషాలు ఏమీ ఉండదు. ఇక్కడే చాలామంది లేచిపోతారు. మీరొచ్చి కూర్చున్నారని అడవికి తెలుసు, అందుకే ఊరుకుంటుంది. ఇరవై నిమిషాలు కదలకుండా ఉంటే ముందు పిట్టలు మిమ్మల్ని పట్టించుకోవడం మానేస్తాయి. మట్టిరంగు పిట్టలు ఏడెనిమిది గుంపుగా దిగి, ఎండుటాకులు తిరగేస్తూ, ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటూ మీ కాళ్ల దగ్గరికే వస్తాయి. తర్వాత నెమళ్లు బరువుగా రెక్కలు కొట్టుకుంటూ పడుకోవడానికి చెట్లెక్కుతాయి. కొండముచ్చులు పై కొమ్మలకు సర్దుకుంటాయి. వెలుతురు తగ్గుతుండగా దుప్పులు ఒక్కొక్కటే బయటికి వస్తాయి. ముందు ఒక పెద్ద ఆడది వచ్చి నిలబడి చూస్తుంది, అది తల దించి గడ్డి అందుకున్నాకే వెనకవి వస్తాయి. చీకటి పడ్డాక మనుషులున్న చోటికి దగ్గరగా పడుకోవడం వాటికి అలవాటు. చిరుత ఇంత దగ్గరికి రావడానికి వెనకాడుతుందని వాటి లెక్క. ఆ లెక్క అన్నిసార్లూ నిజం కాదు, కానీ ఎక్కువసార్లు నిజమవుతుంది.

దుప్పికీ కణితికీ తేడా మొదటిసారి వెళ్లినవాళ్లకు తెలియకపోవచ్చు. దుప్పి ఒంటి మీద జీవితాంతం తెల్లచుక్కలుంటాయి, గుంపుగా ఉంటుంది. కణితి చాలా పెద్దది, ముదురు గోధుమ రంగు, మెడ దగ్గర బిరుసు వెంట్రుకలు. ఒకటి రెండుగా వస్తుంది, బాగా చీకటి పడ్డాక వస్తుంది. ఇంకొంచెం మైదానంగా ఉన్నచోట మనుబోతు కనబడుతుంది. గుర్రానికీ ఆవుకూ మధ్యలా ఉంటుంది, మగది నీలిబూడిద రంగు. పేడ మాత్రం ఎప్పుడూ ఒకేచోట వేసి కుప్ప చేస్తుంది, దాని దారి అలా కూడా తెలుసుకోవచ్చు.

చీకటి పడ్డాక

వరండా దిగకండి. ఇది ముందే చెప్పాలి. అడవిలో రాత్రి నడక మనకు అనుమతి లేనిది, అవసరమూ లేదు.

మొదట చెవులతో చూడండి. గచ్చు మీద గోలీ వదిలితే ముందు నిదానంగా, తర్వాత దగ్గర దగ్గరగా ఎగిరి ఆగుతుంది కదా, టుక్... టుక్... టుక్‌టుక్‌టుక్ అని. సరిగ్గా అలాంటి చప్పుడు నేల మీద నుంచి వస్తే అది నైట్‌జార్ అనే పిట్ట. ఎండుటాకు రంగులో ఉండి ఎండుటాకుల మధ్యే కూర్చుంటుంది కాబట్టి పగలు కాలి దగ్గరున్నా కనబడదు. పైడికంటె అనే చిన్న గుడ్లగూబ కిచకిచలు ఇంటి దగ్గర కూడా వినేవే. దూరంగా నక్కల కూత మొదలైతే, ఆ ఊళ అయిపోయిన తర్వాత నిశ్శబ్దం ఎలా ఉంటుందో కూడా వినండి.

ఇప్పుడు టార్చికి ఎర్ర కాగితం చుట్టి, టార్చిని కణత పక్కనే, కంటికి సమానంగా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. చేతిని కిందకు దించి పట్టుకుంటే కళ్లు మెరవడం కనిపించదు, వెలుగు ఏ దారిన వెళ్తే ఆ దారినే తిరిగి వస్తుంది మరి. దుప్పుల గుంపు ఉంటే మెరిసే చుక్కల జంటలు వరసగా వెలుగుతాయి. జంతువు కళ్ల మీద వెలుగు ఐదు సెకన్ల కంటే ఎక్కువ ఉంచకండి. అది రాత్రి తిరగడానికి ఆ కళ్ల మీదే ఆధారపడి ఉంది.

ఒకసారి ఎర్ర కాగితం తీసి, టార్చిని అలాగే కంటి పక్కన పెట్టి ముందున్న గడ్డి మీదికి వేయండి. మంచు బొట్లలా సన్నగా మెరిసే చుక్కలు పదులకొద్దీ కనబడతాయి. ఎండాకాలం రాత్రి మంచు ఎక్కడిది అనుకుంటూ ఒక చుక్క వైపే చూస్తూ ఉండండి, అది జరుగుతుంది. ఒక్కో మెరుపూ ఒక్కో సాలీడు కన్ను. పెద్ద జంతువేదీ రాని రాత్రి నేను అరగంట సేపు వాటినే చూస్తూ కూర్చున్నాను, ఆ రాత్రి వృథా అయిందని ఇప్పటికీ అనిపించదు.

పడుకునే ముందు మట్టి చదును చేయండి

ఈ పద్ధతిలో నాకు అన్నింటికంటే ఇష్టమైన పని ఇది. అక్కడివాళ్లను అడిగి, మెట్ల ముందో నీళ్ల తొట్టి దారిలోనో మూడడుగుల వెడల్పున మెత్తటి మట్టి చల్లి, వేపమండతో చదును చేయండి. పలక తుడిచి పెట్టినట్టు ఉండాలి. ఎర ఏమీ వేయకండి, ఒక్క బియ్యపు గింజ కూడా. పొద్దున లేవగానే ఎవరూ తొక్కకముందే వెళ్లి చూడండి. ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు అచ్చులు బాగా కనబడతాయి.

ఒకసారి నేను చూసినప్పుడు చిన్న చిన్న పాదాల గుర్తులున్నాయి, వాటి మీదుగా పొడుగునా సన్నటి గీతలు, ఎవరో చీపురు ఈడ్చుకుపోయినట్టు. నేను చదును చేసినప్పటి వేపమండ గీతలే అనుకున్నాను. కాపలా ఉండే చెంచు పెద్దాయన వంగి చూసి, "ఏదుపంది సార్. ముళ్లు ఈడ్చుకుంట పోయింది" అన్నాడు. అంతటితో ఆగలేదు. గీతల వెంట పది గజాలు నడిచి ఒక ముల్లు ఏరి తెచ్చి నా చేతిలో పెట్టాడు. జానెడు పొడవు, నలుపూ తెలుపూ పట్టీలు, కొన దగ్గర సూదిలా ఉంది. చూసి అక్కడే పెట్టేశాం. టైగర్ రిజర్వులోంచి ముల్లు, ఈక, కొమ్ము ఏదీ తీసుకెళ్లకూడదు.

గుర్తులు చదవడానికి నాలుగు సంగతులు చాలు. కుక్క, నక్క, రేచుకుక్క అచ్చుల్లో గోళ్ల గుర్తులు పడతాయి. పిల్లి జాతివి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తాయి కాబట్టి పడవు. గోళ్లు లేని గుండ్రటి అచ్చు ఏడు నుంచి తొమ్మిది సెంటీమీటర్లుంటే చిరుత కావచ్చు, పన్నెండు దాటిందంటే వెంటనే అక్కడివాళ్లకు చూపించండి. ఐదు వేళ్లు ఒకే వరసలో, వాటి ముందు వేలెడు దూరాన గోళ్ల గుంటలు ఉంటే ఎలుగుబంటి. వెనక కాలి అచ్చు మనిషి పాదంలా ఉంటుంది, మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. నాణెమంత అచ్చుల వరస వరండా గోడ పక్కనే వెళ్లిందంటే పునుగు పిల్లో మానుపిల్లో రాత్రి మీ కప్పు మీద కూడా తిరిగి ఉంటుంది.

తెల్లవారుజాము

ఐదింటికి లేవండి. టీ తర్వాత తాగొచ్చు. చీకట్లోనే అడవికోడి కూస్తుంది. మన ఊరి కోడి కూతలా సాగదు, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. నల్లమలలో ఉండేది బూడిద రంగు అడవికోడి, గోదావరి అవతల మారేడుమిల్లి వైపు వెళ్తే ఎర్ర అడవికోడి. ఆ తర్వాత ఒక్కొక్క పిట్టా గొంతు కలుపుతుంది. పేర్లన్నీ తెలుసుకోవాలని కంగారు పడకండి, మొదటి పొద్దున ఐదు గొంతులు గుర్తుపట్టగలిగితే గొప్పే. మే నెలలో వెళ్తే తోక వెంట తెల్ల రిబ్బన్ వేలాడేసుకుని ఎగిరే తోకపిగిలి పిట్టను నీడగా ఉన్న వాగు పక్కన వెతకండి.

ఏడు గంటలకు ఎండ చెట్ల కొనలకు తగిలాక నిన్న చూసిపెట్టుకున్న గూటి వైపు కుర్చీ తిప్పుకోండి. బెట్టుడుత మన పెరటి ఉడుత కాదు, తోకతో కలిపితే మూడడుగులు. ముదురు ఎరుపు, నలుపు వీపు, లేత పసుపు పొట్ట. వెనక కాళ్లతో కొమ్మను పట్టుకుని తల కిందులుగా వేలాడుతూ, ముందు రెండు చేతులతో కాయ పట్టుకుని తింటుంది. తోక బరువుకే అది కింద పడకుండా ఉంటుందేమో అనిపించేలా ఆ తోక అవతలి వైపు వేలాడుతుంది. కింద రాలిన తొక్కలు చూస్తే ఏ కాయ తిందో తెలుస్తుంది. చెట్టు మీది నుంచి గిలక్కాయ గట్టిగా ఊపినట్టు చప్పుడొస్తే, అది గద్దనో మిమ్మల్నో చూసిందన్నమాట.

అరుపులు చదవడం నేర్చుకోండి

చిరుతనూ పులినీ కళ్లతో వెతకడం కంటే, వాటిని చూసినవాళ్లు చెప్పేది వినడం తేలిక. చూసినవాళ్లంటే కొండముచ్చు, దుప్పి, కణితి.

కొండముచ్చు చెట్టు కొన మీద ఉంటుంది, అందరికంటే ముందు అదే చూస్తుంది. మామూలుగా హూప్ హూప్ అని గెంతులేస్తే అది ఆట. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఖక్, ఖర్ అని దగ్గితే ప్రమాదం. అప్పుడు దాని ముఖం ఎటు తిరిగి ఉందో చూడండి, మీరు చూడాల్సిందీ అటే. దుప్పి అరుపు చిన్నది, పదునైనది, ఈల వేసి మధ్యలో ఆపినట్టు కూఁ అని. ఒకసారి అరిచి ఊరుకుంటే లెక్కలోకి తీసుకోకండి, ఊరకుక్కను చూసినా అరుస్తుంది. పది సెకన్లకోసారి ఆగకుండా అరుస్తూ, తోక లేపి, ముందు కాలు నేలకేసి కొడుతుంటే ఏదో ఉన్నట్టే. కణితి అంత తేలిగ్గా నోరు తెరవదు. అది ఢాంక్ అని పాత బస్సు హారన్‌లా అరిచిందంటే దాదాపుగా పెద్ద జంతువే.

ఒక ఏప్రిల్ సాయంత్రం కొండముచ్చు దగ్గింది. ఐదు నిమిషాలకు దానికి కాస్త ఎడమగా దుప్పి మొదలుపెట్టింది. పావుగంట తర్వాత ఇంకా ఎడమగా, వాగు వైపు, వేరే దుప్పుల గుంపు. అరుపు కదులుతోంది, అంటే దాన్ని అరిపిస్తున్నదీ నడుస్తోంది. నేను కుర్చీలోంచి లేవలేదు, తల మాత్రం వాగు దారి వైపు తిప్పి ఉంచాను. మొదటి దగ్గు విన్న నలభై నిమిషాలకు చిరుత ఆ దారిని అడ్డంగా దాటింది. ఉన్నది నాలుగు సెకన్లే. తోక కొన పైకి మడిచి, దాని అడుగున తెలుపు కనబడేలా, తొందరేమీ లేనట్టు నడిచి వెళ్లిపోయింది.

భయపడాల్సింది దేనికి, ఎంత

నల్లమలలో నేను జాగ్రత్తగా ఉండేది పులి గురించి కాదు, ఎలుగుబంటి, కట్లపాము గురించి.

ఎలుగుబంటికి చూపు, వినికిడి అంత గొప్పవి కావు, ముక్కు నేలలో పెట్టి చెదపురుగులు పీల్చుకుంటూ ఉంటే ఇంకా ఏమీ పట్టదు. మనం హఠాత్తుగా ఎదురుపడితే బెదిరి మీదికి వస్తుంది. పిల్లలను వీపు మీద ఎక్కించుకుని తిరిగే తల్లి అయితే మరీను. అందుకే పగలు కూడా గది నుంచి భోజనశాలకు వెళ్లేటప్పుడు మాట్లాడుకుంటూ, చెప్పులు చప్పుడయ్యేలా నడవండి. కూర్చున్నప్పుడు నిశ్శబ్దం, నడిచేటప్పుడు చప్పుడు. దూరంగా కనిపిస్తే పరుగెత్తకండి, దానికి దారి వదిలి నిదానంగా వెనక్కి నడవండి. మీదపడితే బోర్లా పడుకుని రెండు చేతులతో మెడ వెనక కప్పుకోండి, ముఖం నేలకు ఆనించండి. చిరుత ఎదురైతే వంగకండి, కూర్చోకండి, చేతులు పైకెత్తి నిలబడి గట్టిగా అరుస్తూ వెనక్కి జరగండి.

పిల్లలుంటే ఇంకో మాట. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత పదిహేనేళ్లలోపు పిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక నడకదారిలోకి రానివ్వకూడదని నిర్ణయించారు. కాటేజీలో కూడా సాయంత్రం ఐదు దాటితే పిల్లలు మీ చేతికందే దూరంలోనే ఉండాలి. ముందు పరుగెత్తనివ్వకండి, వెనకబడనివ్వకండి.

కట్లపాము రాత్రి తిరిగే పాము, బల్లులనూ ఎలుకలనూ వెతుక్కుంటూ గదిలోకి రాగలదు. నేల మీద పడుకున్నవాళ్లను కరిస్తే నొప్పి అంతగా తెలియదు, నిద్రలోనే విషం ఎక్కుతుంది. దోమతెర తెమ్మన్నది అందుకే. మంచం మీద పడుకుని, తెర అంచులు పరుపు కిందికి దోపండి. తలుపు కింద సందుంటే తువ్వాలు చుట్టి పెట్టండి. పొద్దున బూట్లు దులిపి వేసుకోండి, తేలో మండ్రగబ్బో ఉండొచ్చు. పాము కాటు వేస్తే బిగించి కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, కరిచిన చోటు కదలకుండా బద్ద కట్టి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లండి. అది ఏ ఆస్పత్రిలో ఉందో చేరిన రోజే అడిగి నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి.

కోతుల సంగతి క్లుప్తంగా: కిటికీ మూయండి, సబ్బు, టూత్‌పేస్ట్ కూడా బయట పెట్టకండి, అరటిపండు ఇవ్వకండి. ఘాట్ రోడ్డు మీద కారు ఆపి బిస్కెట్లు విసిరేవాళ్ల వల్లే అవి రోడ్డు మీద కూర్చోవడం నేర్చుకున్నాయి, చక్రాల కింద పడుతున్నదీ అవే. కాటేజీ దగ్గర పారేసిన కొబ్బరి చిప్ప, నెయ్యి డబ్బా ఎలుగుబంటికి అదే నేర్పుతాయి. చెత్త మొత్తం సంచిలో కట్టి మీ ఊరికే తీసుకెళ్లండి.

రెండో రోజు, బయల్దేరడం

రెండో రోజు సఫారీకి వెళ్లండి, తప్పకుండా. ఒక రాత్రి వరండాలో కూర్చున్నాక జీపులో మీ చెవులు వేరేగా పనిచేస్తాయి. డ్రైవర్ ఇంజన్ ఆపితే బాగుండుననిపిస్తే, "అన్నా, ఒక పది నిమిషాలు ఇక్కడ ఆపుదామా?" అని అడగండి. చాలామంది సంతోషంగా ఆపుతారు, వాళ్లకూ అదే ఇష్టం.

చూసింది చూసినట్టు నోటు పుస్తకంలో రాయండి: తేదీ, టైమ్, ఏ చెట్టు దగ్గర, ఎన్ని, ఏం చేస్తున్నాయి. తర్వాతి ఏడాది అదే నెలలో అదే కాటేజీకి వెళ్తే ఎక్కడ కూర్చోవాలో ఆ పేజీ చెప్తుంది.

తిరుగు ప్రయాణంలో అడవి దాటేదాకా గంటకు 30, 40 కిలోమీటర్లు మించకండి. ఏ దుప్పి అయినా రోడ్డు దాటుతూ కనిపిస్తే బండి ఆపి, హారన్ కొట్టకుండా, ఇండికేటర్ వేసి వెనక బండ్లకు సైగ చేయండి. అది దాటిపోయాక వెంటనే కదలకండి. వచ్చిన వైపు పొదల్లోకి చూడండి, దాని వెనక ఇంకోటి ఉంటుంది.